ఎవరి అర్ధరాత్రి?

మా ఆఫీసు రుషికొండలో. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, కాబట్టి పని కాస్త నెమ్మదిగా సాగుతుంది. ఆ సోమవారం నాకు అప్పజెప్పిన పని ఒక డాక్యుమెంటేషన్ చదివి పదికి మార్కులు వేయడం. ఏఐ ఏజెంట్ (మనం అడిగిన పనిని టూల్స్ వాడుకుని తనే చేసిపెట్టే ప్రోగ్రాం) కోసం తయారైన ఒక చిన్న టూల్‌ని ఎలా వాడాలో చెప్పే రాత అది. యూట్యూబ్ లింకు ఇస్తే వీడియో పేరు, నిడివి, ఎప్పుడు పెట్టారు, ఎంతమంది చూశారు అన్నీ తెచ్చి చేతిలో పెడుతుందట. చూడటానికి ముచ్చటగా ఉంది. పట్టికలు, రంగురంగుల బిళ్ళలు. పైనుంచి కిందికి ఒకసారి జారి తొమ్మిది వేసేశాను. ఒక స్పెల్లింగ్ తప్పుంటే ఒక మార్కు కోశాను. చదివానని ఎవరికైనా తెలియాలి కదా.

సాయంత్రం ఎంవీపీ కాలనీలో మా మేనత్త ఇంటికి వెళ్ళాను. అత్తకి ఈమధ్యే వంటల చానల్ పెట్టాలని బుద్ధి పుట్టింది. రైతు బజారులో కొట్టించి తెచ్చిన పనస పొట్టుతో కూర చేసి, మొన్న గురువారం తొలి వీడియో వదిలింది. పోజు కొట్టడానికి ఇంతకన్నా మంచి అదను ఏముంది? లాప్‌టాప్ తీసి, ఏజెంట్‌కి టూల్ తగిలించి, అత్త వీడియో సంగతి అడిగాను.

"మీ వీడియో నిడివి 872 నిమిషాలు. అంటే సుమారు పద్నాలుగున్నర గంటలు. ప్రేక్షకుల ఓపికను బట్టి కొంచెం కుదిస్తే బాగుంటుంది" అని ఎంతో వినయంగా చెప్పింది.

అత్త కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది. "పద్నాలుగున్నర గంటలు ఉడికిస్తే పొట్టు మిగుల్తాదేటిరా? గిన్నె కూడా మిగల్దు."

డాక్యుమెంటేషన్ తెరిచి చూశాను. "డ్యురేషన్: వీడియో నిడివి, ఒక సంఖ్య" అని ఉంది. సెకన్లని ఎక్కడా లేదు. మనిషైతే అనుమానం వచ్చి ఎవరినైనా అడుగుతాడు. ఏజెంట్‌కి అంత మొహమాటం లేదు, ఖాళీ కనబడితే తనకు తోచింది పెట్టి పూడ్చేస్తుంది. 14 నిమిషాల 32 సెకన్ల కూర అలా రాత్రంతా ఉడికింది.

సర్ది చెబుదామని రెండో ప్రశ్న అడిగాను, ఎప్పుడు పెట్టారని. "గురువారం 13:40" అంది.

అత్త మాట్లాడలేదు. లేచి వెళ్ళి గోడ మేకుకున్న క్యాలెండర్ తీసుకొచ్చి నా ముందు పెట్టింది. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు.

"దీపం పెట్టి, దండం పెట్టుకుని, రాత్రి ఏడూ పదికి వదిలాను. నీ పెట్టె నన్ను రాహుకాలంలో కూర్చోబెట్టిందేటిరా?"

ఆ టైము చివర జెడ్ అనే అక్షరం ఉందనీ, అంటే అది యూటీసీ, ప్రపంచమంతా లెక్కకి పెట్టుకున్న ఉమ్మడి టైము అనీ, మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుందనీ వివరించాను. ఆ ముక్క కూడా డాక్యుమెంటేషన్‌లో లేదు. "పొట్టు మనది, పొయ్యి మనది, టైము మాత్రం వాళ్ళదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఎంతమంది చూశారో తెలిస్తే అయినా శాంతిస్తుందని అడుగుతూ పోయాను. అక్కడ ఇంకో గొయ్యి. ఇలా వివరాలు అడగడానికి యూట్యూబ్ అప్పట్లో ఇచ్చింది రోజుకు 10,000 యూనిట్ల కోటా. లింకులోని పదకొండు అక్షరాల ఐడీ పట్టుకుని అడిగితే ఖర్చు ఒక్క యూనిట్, పేరుతో వెతికితే వంద. ఇదీ రాయలేదు కాబట్టి ఏజెంట్ నా ప్రతి ప్రశ్నకీ "పనస పొట్టు కూర" అని ఊరంతా వెతికొచ్చింది, అదీ అత్త వీడియో దొరికేదాకా పదేసి సార్లు. రాత్రి తొమ్మిదికల్లా కోటా ఖాళీ.

"కోటా అర్ధరాత్రి మళ్ళీ నిండుతుంది" అని మాత్రం స్పష్టంగా రాశారు. సరే, కూర్చున్నాం. అత్త రెండుసార్లు కాఫీ పెట్టింది. పన్నెండూ ఒకటికి నొక్కాను, రాలేదు. పన్నెండూ ఐదుకి నొక్కాను, రాలేదు. "నీ ఫోను వెనకబడిందేమో" అని హాల్లో గోడ గడియారం చూసొచ్చింది. ఒంటిగంటకి ఇద్దరం ఓడిపోయి పడుకున్నాం.

పొద్దున తెలిసింది, ఆ అర్ధరాత్రి అమెరికా పసిఫిక్ తీరానిదట. ఎండాకాలంలో అది మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. అంటే నేను ఆఫీసులో లంచ్ బాక్స్ మూత తీసే వేళ. మూత తీస్తూనే నొక్కాను. చూసినవాళ్ళు 61 మంది. అత్తకి ఫోన్ చేసి చెబితే, "వీధిలో వాళ్ళే యాభై మంది ఉంటారు, మిగతా పదకొండుగురూ ఎవర్రా?" అని మురిసిపోయింది.

తొమ్మిది కొట్టేసి మూడు వేశాను. నిమిషాలో సెకన్లో, ఏ ఊరి టైమో, ఎవరి అర్ధరాత్రో రాయండి బాబూ అని రెండు పేజీలు దంచాను. గంటలో రాసినవాడి జవాబు వచ్చింది: "అవన్నీ వాడేవాళ్ళకి తెలిసినవే కదా."

ఒళ్ళు మండి, సాయంత్రం అత్త దగ్గర మొర పెట్టుకున్నాను. అత్త నాకన్నా మండిపడింది. "తెలిసినవే అయితే ఇంక రాయడం ఎందుకూ? వాడి నంబరివ్వు, నే మాట్లాడతాను." నా పక్షాన ఒకరున్నారని ధైర్యం వచ్చి, ఆదివారం నేనూ ఆ కూర చేసి చూస్తానన్నాను. వీడియోలో చెప్పలేదు, ఆవపిండి ఎంత వేయాలి అత్తా?

"తగినంత."