అక్షరదోషాలు దిద్దడమే ఎడిటింగ్ కాదు

డిటెక్టివ్ నవలకు ఎడిటర్ పని అక్షరదోషాలు దిద్దడమేనని నేను చదివిన ఒక వ్యాసంలో ఉంది, ఆ మాట ఒప్పుకోలేను. కర్నూలులో ఉండి మిస్టరీ నవలలు రాస్తూ, ఇతరుల రాతప్రతులు ఎడిట్ చేస్తుంటాను. ఈమధ్య ఒకదాంట్లో అమావాస్య నాడు హత్య. మూడో రాత్రి సాక్షి పండు వెన్నెల్లో హంతకుణ్ణి గుర్తుపడతాడు. శవం తుంగభద్ర అవతల, అలంపూర్ వైపు దొరికితే కేసంతా కర్నూలు పోలీసులే నడిపేశారు. అది తెలంగాణ కదండీ. ఇక్కడ జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం వేరే స్టేషన్ పరిధిలోదైనా నమోదు చేసే కేసు) కట్టొచ్చు (2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో దానికి వీలుంది), కానీ హత్య జరిగింది అక్కడే అయితే దర్యాప్తు అటు బదిలీ కావాలి. ఇలాంటివి దొరకాలంటే ఎవరికి ఏది ఎప్పుడు తెలిసిందో పట్టిక వేసుకుని కూర్చోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆధారం డిటెక్టివ్ విప్పి చెప్పకముందే పాఠకుడి కంట పడాలి. కొత్తవాళ్లు దాన్ని చివరి అధ్యాయం దాకా దాచేస్తారు. ఎడిటర్ పారితోషికం ముందే మాట్లాడుకోవాలన్నది మాత్రం ఆ వ్యాసకర్త సరిగ్గా చెప్పారు.