మెమరీ తక్కువైంది కంప్యూటర్‌కి కాదు

రాత్రి పదకొండున్నర. ఆటలో నాతో కలిపి ముగ్గురమే మిగిలాం. కరెంటు కూడా పోలేదు, ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో వానాకాలం అదే పెద్ద విశేషం. సరిగ్గా అప్పుడే తెర మధ్యలో ఆ తెల్ల డబ్బా ఊడిపడింది: మెమరీ తక్కువగా ఉంది, ఫైళ్ళు సేవ్ చేసుకుని ప్రోగ్రామ్ మూసెయ్యండి అని. నేను మూసేదేముంది, ఆటే మూసుకుపోయింది.

ఇది మామూలేగా అంటారేమో. నిన్న సాయంత్రమే ఈ రోగానికి 4,200 పెట్టి మందేయించానండీ! సీపీయూని స్కూటీ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని, గొయ్యి గొయ్యికీ గుండె చిక్కబట్టుకుని షాపుకి మోసుకెళ్ళాను. సంగతి చెప్పేలోపే ఆయన మూత విప్పేశాడు. ఉన్న రెండు ర్యామ్ (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) ముక్కలూ పీకి, పసుపుపచ్చగా మెరిసే అంచుని పిల్లల పెన్సిల్ రబ్బరుతో పరపరా రుద్ది, ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చాడు. "పదహారు జీబీ ఈ రోజుల్లో ఏ మూలకి ఆజ్ఞా, ఇంకో ఎనిమిది వేసేద్దాం" అన్నాడు (ఆజ్ఞా అంటే ఒడియాలో సార్ అన్నట్టు). వేసేశాడు. మెమరీ ఎంత వాడకంలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్‌ని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. నాడి పట్టుకోకుండానే సెలైన్ ఎక్కించేసే బాపతు. ఇదివరకు గంటకి వచ్చే వార్నింగ్ ఇప్పుడు గంటన్నరకి వస్తోంది. అరగంట కొనుక్కున్నానన్నమాట, 4,200కి.

ఇంకేం నిద్ర? ఆ టాస్క్ మేనేజర్ నేనే తెరిచాను. వాడకంలో ఉన్నది 15 జీబీ, ఇంకా 8 పైనే ఖాళీ. మరి ఈ ఏడుపెందుకు? కింద చిన్నక్షరాల్లో ఉంది అసలు విషయం. కమిటెడ్: 23.5/23.8. ప్రోగ్రాములు మొదలవగానే నాకింత కావాలని ముందే రాయించేసుకుంటాయి, తిన్నా తినకపోయినా. ఆడపెళ్ళివారికి రెండొందల విస్తళ్ళు చెప్పి నూట ఇరవై మంది దిగినట్టు. రాయించుకున్న లెక్క హద్దుని తాకితే చాలు, వంటశాలలో అన్నం మిగిలి ఉన్నా విండోస్ గోల పెడుతుంది. ఆ హద్దు ర్యామ్ ఒక్కటే కాదు, డిస్క్‌లో పేజింగ్ ఫైల్ అని కొంత చోటు పెట్టుకుంటుంది, రెండూ కలిపి. నా దాంట్లో చూస్తే ఏముంది? 'నో పేజింగ్ ఫైల్' అని చుక్క పెట్టి ఉంది.

ఎవరు పెట్టారు? మూడేళ్ళ కిందట ఫార్మాట్ చేస్తూ "ఇది తీసేస్తే స్పీడొస్తుంది" అన్న మహానుభావుడు. నిన్న రబ్బరుతో రుద్దినాయనే. ఆయన చేసిన గాయానికి ఆయనే కట్టు కట్టి డబ్బు పుచ్చుకున్నాడు.

బాగుచెయ్యడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈ పేజింగ్ ఫైల్ సంగతి చూసే వర్చువల్ మెమరీ సెట్టింగ్‌లో ఆటోమేటిక్ అన్న గడిలో టిక్, రీస్టార్ట్. సీ డ్రైవ్‌లో కాస్త ఖాళీ ఉండాలి, అంతే. పొద్దున్నుంచి మూడు గంటలు ఆడాను, డబ్బా రాలేదు. (ఆదివారం లెండి, ఇంట్లో ఎలాగూ తిట్టారు.)

పోయిన డబ్బు పోయింది. ఫొటోల మాటేమిటి? రెండేళ్ళ కిందట ఈ వార్నింగే వస్తే మా బావమరిది "మెమరీ ఫుల్ బావా, చెత్త తీసేస్తా" అని కూర్చున్నాడు. డీ డ్రైవ్‌లో పెద్ద ఫోల్డర్ వెతికి షిఫ్ట్, డిలీట్, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా. మా పాప అన్నప్రాసన ఫొటోలు. పుస్తకం వదిలేసి కత్తి వైపు పాకుతున్న ఆ ఒక్క ఫొటో కోసం మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ర్యామ్‌కీ డీ డ్రైవ్‌కీ ఏం చుట్టరికం? వంటగట్టు ఇరుకైందని పెరట్లో ధాన్యపు గాదె తగలబెట్టినట్టు! ఫోన్‌లో ఫొటోలు నిండినా మెమరీయే, కార్డూ మెమరీయే, ర్యామూ మెమరీయే. ఒక్క మాటకి ఇన్ని అర్థాలు పెట్టి మన కొంప ముంచారు.

షాపాయన వాపసు తీసుకోనన్నాడు కదా అని పొద్దున్న ఆ ర్యామ్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఇక్కడ మొదలైంది అసలు భాగవతం. పిన్ కోడ్ 76తో మొదలయ్యేసరికి హిందీ అమ్మాయికి కలిపారు. తెలుగు కావాలి తల్లీ అంటే పావుగంట సంగీతం వినిపించి, ఆఖరికి ఒకాయన వచ్చి, "మీది ఒడిశా కదా సార్, అయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అన్నాడు. బాగానే! ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి ఫొటోకి దండేసి వాడుక భాష, వాడుక భాష అని ఊగిపోతారే, ఆయన బడిలో పాఠాలు చెప్పింది ఎక్కడనుకున్నారు? మా ఊళ్ళోనే. సవర గిరిజనుల మాట నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిందీ ఇక్కడుండగానే. 1936లో మమ్మల్ని ఒరిస్సాలో కలిపితే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం. ఉండిపోయినందుకు ఇప్పుడు కాల్ సెంటర్లో సర్టిఫికెట్ ఇస్తున్నారు.

ఇంతా చేస్తే వాపసు పార్సిల్ తీసుకోవడానికి మా పిన్‌కి మనిషి రాడట. ఆంధ్రా వైపు పాతపట్నం అయితే వస్తాడట. నది దాటి ఇంకాస్త వెళ్తే పాతపట్నం! చీటికీ మాటికీ అక్కడి మా పిన్ని గుమ్మంలోనే దింపించుకుంటాను పార్సిళ్ళన్నీ. ఆవిడ "ఏరా, నేనేమైనా పోస్టాఫీసునా?" అంటుంది, న్యాయమే.

ఇది రాస్తుండగానే బావమరిది మెసేజ్. "బావా, అక్క ఫోన్‌లో మెమరీ ఫుల్ అంటోంది. ఏం తీసెయ్యమంటావు?"

స్కూటీ తాళం ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.