శాలువాతో పాటు ఒక ప్రశ్న

2025 ఆగస్టు 31న సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్ నగరాల్లో ‘మార్చ్ ఫర్ ఆస్ట్రేలియా’ పేరుతో ఊరేగింపులు జరిగాయి. వలసలు ఆపాలని వాళ్ల డిమాండు. దానికోసం ముందుగా పంచిన ప్రచారంలో మన భారతీయుల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. నూరేళ్లలో వచ్చిన గ్రీకులు, ఇటాలియన్ల కంటే అయిదేళ్లలో వచ్చిన భారతీయులే ఎక్కువని అందులో రాశారు. ఆస్ట్రేలియాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు ఆ వారమంతా అట్టుడికిపోయాయి. పిల్లల్ని సిటీకి పంపొద్దని ఒకరు, అమ్మానాన్నల్ని వాకింగ్‌కి ఒంటరిగా వెళ్లనివ్వొద్దని ఒకరు. కొద్దిరోజులకే ప్రతిపక్ష లిబరల్ పార్టీ సెనేటర్ జసింటా నంపిజింపా ప్రైస్, అధికారంలో ఉన్న లేబర్ పార్టీకి ఓట్లు పడతాయి కాబట్టే భారతీయుల్ని ఎక్కువగా రానిస్తున్నారన్న అర్థం వచ్చేలా టీవీలో మాట్లాడారు. క్షమాపణ చెప్పమంటే చెప్పలేదు. చివరికి ఆమె షాడో మంత్రి పదవి (ప్రతిపక్షంలో మంత్రికి సాటి హోదా) పోయింది గానీ, అది మనల్ని అన్న మాటకు కాదు, తన పార్టీ నాయకురాలికి మద్దతు పలకనందుకు.

రెండు వారాలు తిరిగేసరికి గ్రూపుల్లో మళ్లీ అమరావతి, మళ్లీ కాళేశ్వరం. ఊరేగింపు కన్నా ఈ మరుపే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఉద్యోగ విరమణ చేశాక నాకు దొరికిన పెద్ద సౌకర్యం తీరిక. పొద్దున్న ఏబీసీ రేడియో వింటాను, పార్లమెంటు నడిచే రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి ప్రశ్నల సమయం చూస్తాను, సాయంత్రం తెలుగు వార్తలు. మూడూ కలిపి చూస్తున్నకొద్దీ నాలో ఒక ఆందోళన గట్టిపడుతోంది. ఇక్కడి పౌరసత్వం తీసుకున్న రోజునే మనకు అక్కడి పౌరసత్వం చట్టప్రకారం పోయింది. చేతిలో ఓసీఐ (ప్రవాస భారతీయ) కార్డు ఉండొచ్చు, దానితో ఓటు రాదు. అంటే మంగళగిరిలో ఎవరు గెలవాలో, సిద్దిపేటలో ఎవరు ఓడాలో తేల్చే హక్కు మనకు లేదు. హక్కు లేని ఎన్నికల గురించి అర్ధరాత్రి దాకా వాదించుకుంటున్నాం. హక్కున్న ఎన్నికల్లో, జరిమానా పడుతుందని వెళ్లి, గేటు దగ్గర పార్టీవాళ్లెవరో చేతిలో పెట్టిన కాగితం చూసి అంకెలు వేసి వస్తున్నాం.

ఆ అంకెలు చిన్న విషయం కాదు. 1918 నుంచి ఈ దేశంలో ప్రాధాన్య క్రమంలో ఓటు వేస్తున్నారు (అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాం, వెనకబడినవాళ్ల ఓట్లు తర్వాతి అంకె ఉన్నవాళ్లకు వెళ్తాయి), 1924 నుంచి ఓటు తప్పనిసరి. 2025 మేలో లేబర్ పార్టీకి 150 స్థానాల్లో 94 వచ్చాయి, కానీ మొదటి ప్రాధాన్యంగా ఆ పార్టీని ఎంచుకున్నవాళ్లు మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా మనం రెండు, మూడు, నాలుగు అని వేసే అంకెలు చేసిన పని. మన రెండో అంకె ఎవరికి వెళ్తోందో తెలియకుండా వేయడమంటే సంతకం చేసిన ఖాళీ చెక్కు పార్టీ ఆఫీసుకు ఇచ్చి రావడమే.

మళ్లీ ఆ ఊరేగింపు సంగతికి వస్తాను. దానికి మనవాళ్లు ఎక్కువమంది ఇచ్చిన జవాబు నాకు నచ్చలేదు. మేం చదువుకున్నవాళ్లం, పన్నులు కడతాం, నేరాలు చేయం, మమ్మల్నెందుకు అంటారు? ఈ మాటలో ఇంకో మాట దాగి ఉంది: అనదలిస్తే వేరేవాళ్లను అనండి. పడవల్లో వచ్చిన శరణార్థిని, ఇంగ్లీషు సరిగా రాని ముసలి తల్లిని, చదువు అబ్బని కుర్రాణ్ని అనొచ్చన్నమాట. ఒక మనిషి ఈ దేశంలో గౌరవంగా బతకడానికి ఐటీ ఉద్యోగం, ఆదాయపు పన్ను రసీదు అర్హతలు కాకూడదు.

ఈ తలుపు మన డిగ్రీలు చూసి దానంతటది తెరుచుకోలేదు. 1901లో ఈ దేశపు కొత్త పార్లమెంటు తొలినాళ్లలోనే చేసిన చట్టాల్లో వలసల నియంత్రణ చట్టం ఒకటి. ఏదో ఒక యూరోపియన్ భాషలో డిక్టేషన్ రాయమనేవారు. ఏ భాషో అధికారి ఇష్టం. ఎంత చదువుకున్నవాడైనా సరే, వద్దనుకుంటే రాని భాషలో పరీక్ష పెట్టి తిప్పి పంపేవారు. ఆ పరీక్ష 1958 దాకా సాగింది. 1966లో హోల్ట్ ప్రభుత్వం కొంత సడలించింది, 1973లో విట్లం ప్రభుత్వం జాతిని బట్టి వడపోయడం పూర్తిగా ఆపింది, 1975లో జాతి వివక్ష నిషేధ చట్టం వచ్చింది. దీని వెనక మనకంటే ముందొచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టిన తెల్లవాళ్లు, ఆదివాసీలు, యూనియన్లు, చర్చిలు, విద్యార్థులు ఉన్నారు. మనం ఒక్కరం కూడా లేం. 2021 జనాభా లెక్కల్లో ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేల పైచిలుకు. ఇంతమందిమి ఆ పోరాటాల ఫలం తింటున్నాం.

ఊరేగింపు జరిగిన రోజే మెల్‌బోర్న్‌లో నల్లదుస్తుల నియో నాజీలు కింగ్స్ డొమెయిన్ పార్కులోని ఆదివాసీల శిబిరం ‘క్యాంప్ సావరెంటీ’ మీద పడి కొట్టారు. మనల్ని పొమ్మన్న ఊరేగింపులో ఉన్నవాళ్లే, ఎక్కడికీ పోనవసరం లేని ఈ నేల మొదటి మనుషుల మీద చేయి చేసుకున్నారు. మన గ్రూపుల్లో ఆ వార్త నాకైతే కనబడలేదు. 2023 అక్టోబరు 14న వాయిస్ రెఫరెండం జరిగింది, ఆదివాసీల తరఫున పార్లమెంటుకు సలహా ఇచ్చే మండలిని రాజ్యాంగంలో చేర్చాలా వద్దా అని. దేశంలో 60 శాతం వద్దన్నారు, ఆరు రాష్ట్రాలూ వద్దన్నాయి. ఎవరి నిర్ణయం వారిది. సెనేటర్ ప్రైస్ కూడా ఆదివాసీ మహిళే, వద్దన్న పక్షాన ముందు నిలిచింది ఆమే. నా బాధ ఫలితం గురించి మాత్రమే కాదు. మన ప్రతి కార్యక్రమం ఈ నేల సంప్రదాయ వారసులకు గౌరవం తెలిపే రెండు వాక్యాలతో మొదలవుతుంది. అయినా ఆ ఏడాది నేను వెళ్లిన ఏ తెలుగు సభలోనూ ఆ ప్రశ్నను పది నిమిషాలు చర్చకు పెట్టలేదు.

వలసల సంఖ్య మీద చర్చే వద్దని నేననను. 2022-23లో నికర వలస 5 లక్షలు దాటింది. కోవిడ్ వల్ల సరిహద్దులు మూసి మళ్లీ తెరిచాక ఒక్కసారిగా వచ్చిన పోటు అది. అద్దె ఇళ్లు దొరక్క బాధపడేవాళ్ల కోపం నిజమైనదే. కానీ ఇళ్ల ధరలకు ఒక్క వలసే కారణమనేవాళ్లు 1999లో పెట్టుబడి లాభాల మీద సగం పన్ను మాఫీ చేసిన సంగతి ఎత్తరు, నెగటివ్ గేరింగ్ (అద్దెకిచ్చిన ఇంటి మీద వచ్చే నష్టాన్ని జీతం పన్నులో తగ్గించుకునే వెసులుబాటు) సంగతి ఎత్తరు. ఆ రెండింటినీ సవరిస్తానని చెప్పి అప్పటి లేబర్ నాయకుడు బిల్ షార్టెన్ 2019 ఎన్నికల్లో ఓడిపోయారు. మనవాళ్లలో రెండో ఇల్లు, మూడో ఇల్లు కొన్నవాళ్లు కొద్దిమంది కారు. మన పిల్లలే రేపు ఇల్లు కొనలేకపోతే ఆ బాధ్యతలో మనకూ వాటా ఉంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం జలాంతర్గాములు. 2021 సెప్టెంబరులో స్కాట్ మారిసన్, బోరిస్ జాన్సన్, జో బైడెన్ ముగ్గురూ తెరల మీద కనిపించి ‘ఆకస్’ ప్రకటించారు. అణుశక్తితో నడిచే జలాంతర్గాములు ఆస్ట్రేలియాకు సమకూర్చే మూడు దేశాల ఒప్పందం అది. ఫ్రాన్స్‌తో అప్పటికే ఉన్న 90 బిలియన్ డాలర్ల జలాంతర్గాముల పథకం రద్దయింది. దానికి పరిహారంగా తర్వాతి ఏడాది 55 కోట్ల యూరోలకు పైగా కట్టాం. ప్రతిపక్షంలో ఉన్న లేబర్‌కు ఒకరోజు ముందు చెప్పారు, ఒక్కరోజులోనే వాళ్లు సరేనన్నారు. ఒక తరం మొత్తాన్ని కట్టిపడేసే నిర్ణయానికి ఇరవై నాలుగు గంటలు! 2023 మార్చిలో లెక్క చెప్పారు: 2050ల మధ్య వరకు 268 నుంచి 368 బిలియన్ డాలర్లు. 2030ల మొదట్లో అమెరికా తన వర్జీనియా తరగతి జలాంతర్గాములు మూడు మనకు అమ్మాలి. కానీ అమ్మకానికి ముందు, దీనివల్ల తమ నౌకాదళం శక్తి తగ్గదని అప్పటి అమెరికా అధ్యక్షుడు ధ్రువీకరించాలని వాళ్ల చట్టమే చెబుతోంది. ఏడాదికి రెండుకు పైగా కట్టాల్సిన చోట అక్కడి కర్మాగారాలు ఒకటికి కాస్త ఎక్కువ కడుతున్నాయి. 2025 అక్టోబరులో వైట్‌హౌస్‌లో ట్రంప్ గారు ప్రధాని అల్బనీజీ పక్కన కూర్చుని, పని పూర్తి వేగంతో సాగుతుందన్నారు. అదే ట్రంప్ గారు ఆ ఏప్రిల్‌లో మన సరుకుల మీద 10 శాతం సుంకం వేశారు, ఆగస్టుకల్లా భారత్ మీద 50 శాతానికి తీసుకెళ్లారు, సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం పెట్టారు. ఆ రోజు డాలస్‌లో, హైదరాబాద్‌లో ఎన్ని తెలుగు ఇళ్లలో కంగారు పుట్టిందో మనకు వేరే చెప్పాలా? రాత్రికి రాత్రి మాట మార్చే చోట ముప్ఫై ఏళ్ల భద్రతను తాకట్టు పెట్టడం నాకు వివేకమనిపించదు.

చైనా అంటే భయం లేదా అని మిత్రులు అడుగుతారు. ఉంది. 2020లో కోవిడ్ మూలాలపై విచారణ అడిగినందుకు మన బార్లీ మీద, వైన్ మీద సుంకాలు వేసి కసి తీర్చుకున్న దేశమది. అదే మన ఎగుమతులు అన్నిటికంటే ఎక్కువగా కొనే దేశం కూడా. అలాంటి పొరుగుతో మెలగాల్సిన తీరు పార్లమెంటులో బహిరంగంగా తర్కించి తేల్చాలి, మూడు దేశాధినేతల గదుల్లో కాదు.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈ దేశం యుద్ధానికి సైన్యాన్ని పంపడానికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. ప్రభుత్వం అనుకుంటే చాలు. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ యుద్ధం వద్దని మెల్‌బోర్న్‌లో లక్షమందికి పైగా నడిచారు, నేనూ వాళ్లలో ఉన్నాను. ఆండ్రూ విల్కీ అనే నిఘా విశ్లేషకుడు, చెబుతున్న కారణాలకు ఆధారాలు చాలవని చెప్పి ఉద్యోగం వదిలేశారు. జాన్ హోవర్డ్ ప్రభుత్వం సైన్యాన్ని పంపింది, సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో, పార్లమెంటరీ కమిటీ ఒకటి ఈ అధికారాన్ని మళ్లీ పరిశీలించి ప్రభుత్వం చేతిలోనే ఉంచమంది. విల్కీ గారు ఇప్పుడు హోబార్ట్ నుంచి స్వతంత్ర ఎంపీ. మన మనవలు పద్దెనిమిది దాటుతున్న ఈ కాలంలో ఇది మనకు పట్టని విషయమెలా అవుతుంది?

బొగ్గు గురించి క్లుప్తంగా చెబుతాను. నేను విశాఖవాణ్ని. మా ఉక్కు కర్మాగారపు కొలుములకు కావలసిన కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. క్వీన్స్‌లాండ్ గనులు, మా ఊరి ఉపాధి ఒకే గొలుసులో ఉన్నాయి, కాబట్టి రేపే గనులు మూసేయమని నేననలేను. కానీ ఎగుమతి చేసిన బొగ్గు, గ్యాసు కాలిస్తే వచ్చే కాలుష్యం ఆస్ట్రేలియా ఖాతాలో పడదు. ఈ లెక్క చూసుకుని మనం మంచివాళ్లమని చెప్పుకుంటున్నాం. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం, 2035కల్లా ఉద్గారాలు 2005 నాటితో పోలిస్తే 62 నుంచి 70 శాతం తగ్గిస్తామంది. అదే నెలలో నార్త్ వెస్ట్ షెల్ఫ్ గ్యాస్ ప్రాజెక్టును 2070 వరకు పొడిగించింది. రెండు నెలలకు లిబరల్ పార్టీ ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలన్న నెట్ జీరో లక్ష్యాన్నే వదిలేసింది. సముద్రం వేడెక్కితే తుపాన్లు బలపడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చూసినవాళ్లకు, 2022లో న్యూ సౌత్ వేల్స్‌లోని లిస్మోర్‌లో వరద 14 మీటర్లు దాటినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి ఎందుకు కూర్చున్నారో విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన తెలుగు సంఘం దగ్గరికి వస్తాను. ఉగాదికి, సంక్రాంతికి, దీపావళికి మనం ఎంపీలను, కౌన్సిలర్లను పిలుస్తాం. వాళ్లు నమస్కారం అంటారు, మనం చప్పట్లు కొడతాం. శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, భోజనం పెట్టి పంపుతాం. ఒక్క ప్రశ్న అడగం. ఎప్పుడైనా అడిగితే అది తల్లిదండ్రుల వీసా గురించే. అడగాల్సిందే. మామూలు దరఖాస్తుకు ముప్ఫై ఏళ్ల పైన నిరీక్షణ, త్వరగా కావాలంటే మనిషికి 48 వేల డాలర్ల దాకా ఖర్చు అంటే అది మనసున్న విధానం కాదు. కానీ ఎప్పుడూ మన అవసరమొకటే అడిగేవాళ్లను నాయకులు ఓటుబ్యాంకుగానే చూస్తారు. సెనేటర్ ప్రైస్ మాట మనల్ని గాయపరిచింది సరే, ఆ మాట అబద్ధమని చూపించే పని మన చేతుల్లోనే ఉంది. దేశం మొత్తానికి సంబంధించిన ప్రశ్న మన వేదిక మీద నుంచి వెళ్లాలి.

సంఘం రాజకీయాల్లోకి దిగకూడదన్న అభ్యంతరం కమిటీలో వస్తుందని తెలుసు. ఏ పార్టీకీ జై కొట్టమని నేను కోరడం లేదు. అధికార పక్షం ఎంపీ వస్తే ఆయన్ని, ప్రతిపక్షం నుంచి వస్తే ఆవిణ్ని, గ్రీన్స్, స్వతంత్రులు ఎవరు వచ్చినా వాళ్లని, అవే ప్రశ్నలు అడుగుదాం. ఓటు లేని విద్యార్థులు, పర్మనెంట్ రెసిడెంట్లు కూడా ప్రశ్న రాయొచ్చు, ఎంపీ వాళ్లకూ ప్రతినిధే. ఎన్నికల ఏడాదిలో ఒక ఆదివారం కూర్చుని ఓటు పత్రం నింపే పద్ధతి, ప్రాధాన్యాలు బదిలీ అయ్యే తీరు తెలుగులో వివరిద్దాం. ఆ పని నేను చేస్తాను.

వచ్చే ఉగాది కోసం మూడు ప్రశ్నలు రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. సైన్యాన్ని యుద్ధానికి పంపేముందు పార్లమెంటులో ఓటింగ్ జరగాలన్న చట్టానికి మీరు మద్దతిస్తారా? జలాంతర్గాములు అనుకున్న గడువుకు రాకపోతే, అప్పటిదాకా కట్టిన డబ్బు సంగతేమిటి? మీ పార్టీవాళ్లే ఒక జాతిని వేలెత్తి చూపి మాట్లాడితే, మీరు అదే రోజు బహిరంగంగా ఖండిస్తారా? కార్యక్రమానికి రెండు వారాల ముందే వీటిని ఎంపీ ఆఫీసుకు పంపిద్దాం, జవాబులతో రమ్మని చెబుదాం. సాంస్కృతిక కార్యక్రమాల్లోంచి పదిహేను నిమిషాలు ఇందుకు కేటాయించమని కమిటీని కోరుతున్నాను. మీ దగ్గర ఇంతకంటే మంచి ప్రశ్న ఉంటే ఈ నెలాఖరులోగా సంఘానికి రాసి పంపండి.