పాఠంలో 17వ అధికరణం, టీ కొట్టులో రెండో గ్లాసు

అస్పృశ్యతను రద్దు చేసిన అధికరణం ఏదని పదో తరగతి పిల్లలను అడిగితే, 17 అని ఠక్కున చెబుతారు. ఊళ్లో కులాన్ని బట్టి టీ గ్లాసు మార్చే రెండు గ్లాసుల పద్ధతి ఉంటే, రెండో గ్లాసు ఎవరికిస్తారో కూడా వాళ్లకు తెలుసు. ఈ రెండూ ఒకే బుర్రలో ఉంటాయి, ఎన్నడూ ఎదురుపడవు. ఎదురుపడేలా చేయడం సాంఘికశాస్త్రం గైడు వల్ల అయ్యే పని కాదు.

బడిలో పెట్టే న్యాయ విజ్ఞాన సదస్సుల వల్లా కాదు. వేదిక మీద అధికారులు, శాలువాలు, ఉపన్యాసం, ఫొటో. పిల్లల చేతులకు దొరికే పని చప్పట్లే.

చేతులకు పని చెప్పాలంటే పౌరహక్కుల పరిరక్షణ చట్టంలోని 4వ సెక్షన్ ఒక్కటి చాలు. 1955లో అస్పృశ్యత నేరాల చట్టంగా వచ్చి, 1976లో ఈ పేరు పెట్టుకున్న చట్టమిది. అస్పృశ్యత పేరుతో ఎక్కడెక్కడ అడ్డుకుంటే నేరమో చెప్పే ఆ సెక్షన్ చదివితే ఊరు నడిచి వచ్చినట్టే ఉంటుంది: అంగడి, హోటలు, అందులో వాడే గిన్నెలు, బావి, చెరువు, కుళాయి, స్నానాల రేవు, శ్మశానం, ఊరేగింపు. చివరికి ఒంటిమీద నగలు పెట్టుకునే హక్కు కూడా. ఈ జాబితాను పిల్లలకిచ్చి, ఊరి పటం గీయించి, ఎక్కడ ఎవరికి అడ్డుందో గుర్తు పెట్టించాలి. చట్టంలో 'గిన్నెలు' అనే మాట ఎందుకుందో టీ కొట్టు దగ్గర ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. దళిత విద్యార్థిని లేపి 'నీకు జరిగింది చెప్పు' అనకూడదు. అది పాఠం కాదు, మరో అవమానం. గీసేది ఊరి పటం, పిల్లవాడి గాయం కాదు. పెన్సిలు ముందుగా పట్టాల్సింది అడ్డు ఎన్నడూ తగలని పిల్లలు.

రెండో పని సమాచార హక్కు దరఖాస్తు. 2005 నాటి చట్టం 'పౌరుడు' అంది కానీ వయసు అడగలేదు. ఉమ్మడి రాష్ట్రం అదే ఏడాది చేసిన నియమాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. బడి మరుగుదొడ్ల మరమ్మతుకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడిగించండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. నా లెక్కలో, ఆ ఎదురుచూపులో నేర్చుకునేదే ఎక్కువ.

మరి పటం ఎక్కడ మొదలుపెట్టాలి? టీ కొట్టు దగ్గర కాదు, బడి వంటగదిలో. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. ఇక్కడ వండేదెవరు? బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? తరగతి ఊడ్చే పని రోజూ ఎవరికి పడుతోంది? ఈ ప్రశ్నలు పిల్లలు పటం మీదికెక్కిస్తే, దాన్ని నోటీసు బోర్డుకు అంటించడానికి ఎంతమంది హెడ్‌మాస్టర్లు ఒప్పుకుంటారో చూడాలి.