నగర చరిత్ర కావాలా? ఒక ఇంటి నంబరుతో వెళ్లండి

ప్రభుత్వ ఆఫీసుల పాత కాగితాలు భద్రపరిచే పబ్లిక్ ఆర్కైవ్స్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లు తరచూ ఒకటే అడుగుతారు: "ఈ నగర చరిత్ర మీద మీ దగ్గర ఏమున్నాయి?" కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి ఒక క్షణం చూసి, "ఏ డిపార్ట్‌మెంటువి కావాలి?" అంటారు. వచ్చినవాళ్లకి ఒళ్లు మండుతుంది. చరిత్ర అడిగితే డిపార్ట్‌మెంటు గోలేమిటి? కానీ ఆ ఉద్యోగి తప్పించుకోవడానికి అడగలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది.

లైబ్రరీలో పుస్తకాలను విషయాన్ని బట్టి సర్దుతారు. ఆర్కైవ్స్‌లో కాగితాలను వాటిని పుట్టించిన ఆఫీసును బట్టి ఉంచుతారు. 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఆర్కైవ్స్‌కి ఇచ్చిన ఉత్తర్వుతో ఈ పద్ధతి స్థిరపడింది. ఒక ఆఫీసు కాగితాలను విడదీయొద్దు, ఇంకో ఆఫీసు వాటితో కలపొద్దు అన్నది దాని సారాంశం. ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ఇదే నడుస్తోంది. కాబట్టి "పేదల జీవితం" అని రాసున్న అర ఎక్కడా ఉండదు. నీటి సరఫరా కమిటీ మినిట్స్ ఉంటాయి. ఇంటి పన్ను రిజిస్టర్లు, కబేళా లైసెన్సులు, శ్మశానం లెక్కలు, మురుగు కాలువ ఎందుకు కట్టలేదని ఇరవై ఏళ్లపాటు ఒకరి మీద ఒకరు తోసుకున్న ఉత్తరాలు ఉంటాయి.

అంటే ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నది నగరం కాదు, ఆ నగరానికి దాని ఆఫీసులతో పడిన లావాదేవీలు. పన్ను కట్టమన్నారు, కట్టనన్నారు. గోడ కూల్చమన్నారు, కోర్టుకెక్కారు. ఈ సంగతి బుర్రకెక్కకపోతే నెల రోజులు రీడింగ్ రూమ్‌లో కూర్చున్నా దుమ్మే మిగులుతుంది. ఎక్కితే మాత్రం ఒక్క ఇంటి చిరునామా, ఒక్క పన్ను రసీదు చాలు, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు వీధి వీధంతా బయటికొస్తుంది.

దీనికి న్యూయార్క్ మునిసిపల్ ఆర్కైవ్స్‌ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. 1939 నుంచి 1941 దాకా ఆ నగరపాలక సంస్థ నగరంలోని అయిదు బరోల్లోనూ (పాలనా విభాగాల్లోనూ) ప్రతి కట్టడాన్నీ ఫొటో తీయించింది. మొత్తం 7 లక్షలకు పైగా ఫొటోలు. ఇది చరిత్ర మీద ప్రేమతో చేసిన పని కాదు. ఏ ఆస్తికి ఎంత పన్ను వేయాలో సరిగ్గా లెక్కగట్టడానికి చేశారు. మహామాంద్యం రోజుల్లో పనిలేనివాళ్లకి పని కల్పించే ప్రభుత్వ పథకం కూడా ఇందులో కలిసింది. ప్రతి ఫొటోలో ఆ స్థలం బ్లాక్ నంబరు, లాట్ నంబరు ఉన్న బోర్డు కనిపించేలా పెట్టారు. పన్ను అధికారికి కావలసింది ఆ బోర్డు, దాని వెనకున్న గోడ. అంతే. కానీ కెమెరాకి ఆ తేడా తెలియదు కదా. కొట్ల బోర్డులు, ఆరేసిన బట్టలు, మెట్ల మీద పిల్లలు, రోడ్డు పక్కన కార్లు, అన్నీ పడిపోయాయి. ఈరోజు జనం ఆ ఫొటోల్లో వెతుక్కునేది వీటినే. మా తాతగారి షాపు ఎలా ఉండేదో చూడాలని వచ్చేవాళ్లకి ఆ భవనం పన్ను విలువతో పనేముంది?

చరిత్ర కోసమే రాసిన కాగితం మనకి ఏం చెప్పాలో ముందే తేల్చుకుని ఉంటుంది. శంకుస్థాపన ఉపన్యాసాలు, శతాబ్ది సంచికలు ఆ బాపతు. పన్ను కోసమో, అగ్గి భయంతోనో రాసిన కాగితానికి మనం చదువుతామన్న ఊహే లేదు. అందుకే నేను రెండో రకాన్నే ఎక్కువ నమ్ముతాను.

అగ్గి భయం అన్నది ఊరికే కాదు. అమెరికాలో 1867లో మొదలైన శాన్‌బోర్న్ కంపెనీ బీమా సంస్థల కోసం పట్టణాల మ్యాపులు గీసింది. ఇటుక ఇల్లయితే గులాబీ రంగు, చెక్క ఇల్లయితే పసుపు. గోడ మందం, కిటికీలు, నీళ్ల పైపులు, ఆ భవనంలో ఏ వ్యాపారం జరుగుతోంది, అన్నీ గుర్తించారు. భవనం మారితే కొత్త మ్యాపు గీయకుండా సరిదిద్దిన ముక్కను పాతదాని మీద అంటించేవాళ్లు. అలాంటి షీటును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే అతుకులు చేతికే కాదు, కంటికీ తెలుస్తాయి. స్కాన్ చేసిన బొమ్మలో ఈ సంగతి సగం పోతుంది.

మ్యాపుల గురించి ఇంకో మాట. లండన్‌కి రెండు ప్రసిద్ధ రంగుల మ్యాపులున్నాయి. సమాజ పరిశోధకుడు చార్లెస్ బూత్ 19వ శతాబ్దం చివర్లో గీయించిన పేదరికం మ్యాపులో నలుపు అంటే అట్టడుగు వర్గం ఉండే వీధి, పసుపు అంటే బాగా డబ్బున్న వీధి. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ కౌంటీ కౌన్సిల్ వాళ్లు చేత్తో రంగులు వేసిన బాంబు నష్టం మ్యాపులో నలుపు అంటే పూర్తిగా నేలమట్టం, పసుపు అంటే చిన్నపాటి దెబ్బ. నగరం అదే, రంగులు అవే, అర్థాలు వేరు. మ్యాపు మూలనున్న రంగుల వివరం చూడకుండా కథలు అల్లేవాళ్లకి ఇంతకంటే మంచి ఉచ్చు ఉండదు.

బూత్ మ్యాపులో నన్ను ఆపేది రంగు కాదు, ఆ రంగును ఎవరు నిర్ణయించారన్నది. మొదట స్కూల్ బోర్డు తరఫున ఇళ్ల చుట్టూ తిరిగే ఉద్యోగులు చెప్పిన సమాచారంతో గీశారు. 1890ల చివర్లో దాన్ని సవరించేటప్పుడు బూత్ మనుషులు బీటు పోలీసుల వెంట నడిచి నోట్సు రాసుకున్నారు. అంటే ఫలానా వీధి పేదదా, చెడ్డదా అన్నది తేల్చింది ఆ వీధిలో బతికేవాళ్లు కాదు, దాన్ని కాపలా కాసేవాళ్లు. ఆ మ్యాపు పేదరికం గురించి ఎంత చెబుతుందో, పోలీసు చూపు గురించీ అంతే చెబుతుంది.

అసలు సొంత ఆస్తి లేనివాళ్ల సంగతేమిటి? పన్ను రిజిస్టర్‌లో అద్దెకున్నవాళ్లు దొరకడం కష్టం. పనిమనిషి, కూలీ, వీధిలో అమ్ముకునే ముసలమ్మ, వీళ్లు ఆఫీసు కంట పడేది ఏదైనా ఆపద వచ్చినప్పుడే: ఆస్పత్రిలో, అనాథాశ్రమంలో, కోర్టులో. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 వరకు జరిగిన దాదాపు 2 లక్షల విచారణల వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. దొంగతనం కేసు తీస్తే పోయిన వస్తువులు, వాటి ఖరీదు ఉంటాయి. జేబురుమాళ్ల దొంగతనాలకు లెక్కే లేదు. సాక్షులు తాము ఆ వేళప్పుడు ఏం పని చేస్తున్నారో, ఎక్కడ నిలబడ్డారో చెబుతారు. వాళ్ల మాటలు ఇంకెక్కడా నమోదు కాలేదు.

అయితే ఇక్కడా జాగ్రత్త కావాలి. 18వ శతాబ్దం ఇంగ్లండ్‌లో ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరిశిక్ష పడేది. దాంతో జాలిపడిన జ్యూరీలు సొత్తు విలువను 39 షిల్లింగులుగా తేల్చేవి. ఈ అంకెలన్నీ కంప్యూటర్‌కి ఎక్కించి ఆ కాలం ధరల పట్టిక తయారుచేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. కాగితం అబద్ధమాడింది నిజమే. కానీ ఆ అబద్ధం వెనక ఒక మనిషి ప్రాణం ఉంది, ఆ సంగతి ధరల పట్టికలో కనపడదు.

చిరునామాతో వెళ్లమన్నాను కదా, దానికీ తిరకాసు ఉంది. చికాగోలో 1909లో ఇళ్ల నంబర్లు చాలావరకు మార్చేశారు. అంతకుముందు రాసిన ఒక ఉత్తరం మీదున్న నంబరు పట్టుకుని ఇప్పటి వీధిలో వెతికితే ఎవరిదో ఇంటి ముందు తేలతారు. లండన్‌లో ఒకే పేరున్న వీధులు ఎక్కువైపోయి పెద్ద ఎత్తున పేర్లు మార్చారు. అందుకే ఏ నగరానికైనా పాత నంబర్లు, పేర్లను కొత్తవాటితో జతచేసే పట్టిక ఉందేమో ముందే అడగాలి. తేదీలదీ ఇదే గొడవ. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. ఆనాటి గుమాస్తా 1700 జనవరి అని రాస్తే మన లెక్కలో అది 1701.

రీడింగ్ రూమ్ పద్ధతుల గురించి ఎక్కువ చెప్పను. బ్యాగు లాకర్‌లో పెట్టాలి, పెన్ను తీసుకెళ్లకూడదు, పెన్సిలే. అడిగిన ఫైలు వెంటనే రాదు, ఒక్కోసారి మర్నాడు వస్తుంది. సినిమాల్లో చూపించే తెల్ల గ్లవ్స్ మాత్రం పాత కాగితాలకి చాలాచోట్ల వాడరు. గ్లవ్స్ వేసుకుంటే వేళ్లకి స్పర్శ తగ్గి పేజీ చిరిగే ప్రమాదం ఎక్కువ. చేతులు కడుక్కుని తుడుచుకుంటే చాలు. ఫొటోలకైతే గ్లవ్స్ అడుగుతారు.

కొన్నిచోట్ల సామాన్యులు వెళితే "మీరు ఏ యూనివర్సిటీ? గైడ్ ఎవరు? లెటర్ ఉందా?" అంటారు. ఇది నాకు మింగుడుపడని విషయం. విప్లవకాలపు ఫ్రాన్స్ 1794 జూన్ 25న చేసిన చట్టంలోనే ఏ పౌరుడైనా ఆర్కైవ్స్‌లో పత్రాలు చూపించమని అడగొచ్చని, దానికి రుసుము ఉండదని రాసింది. రెండు శతాబ్దాలు దాటాక కూడా తన ఇంటి పాత ప్లాను చూసుకోవడానికి వచ్చిన మనిషిని పీహెచ్‌డీ ఉందా అని అడగడం ఏం న్యాయం? పన్ను కట్టేటప్పుడు ఎవరూ గైడ్ పేరు అడగలేదు కదా!

ఇదంతా ఇంటి నుంచే చూడొచ్చు కదా, స్కాన్ చేసి పెట్టేస్తున్నారు కదా అనేవాళ్లున్నారు. కొంతవరకు నిజమే. ఆమ్‌స్టర్‌డామ్ సిటీ ఆర్కైవ్స్ 1578 నుంచి ఉన్న నోటరీ దస్తావేజులను స్కాన్ చేసి, వాలంటీర్ల సాయంతో, చేతిరాతను చదివే సాఫ్ట్‌వేర్‌తో వెతకడానికి వీలుగా మారుస్తోంది. ఒక్కరే కూర్చుని చదివితే ఒక జన్మ చాలని పని అది. కానీ పెద్ద ఆర్కైవ్స్‌లో ఆన్‌లైన్‌కి ఎక్కింది ఇప్పటికీ కొంత భాగమే. రెండోది, సెర్చ్ మీకు పేజీని ఇస్తుంది, కట్టను ఇవ్వదు. కట్టలో ఆ ఉత్తరానికి ముందు ఏముంది, మార్జిన్‌లో పై అధికారి ఏం గీకాడు, ఎన్ని నెలలు జవాబు లేకుండా పడుంది, ఇవి కట్ట విప్పితేనే అర్థమవుతాయి. నగరపాలన ఎలా నడిచిందో చెప్పేది చాలాసార్లు ఆ ఆలస్యమే.

ఇక ఎంత వెతికినా దొరకనివి. ఇంగ్లండ్, వేల్స్‌లో జనగణన ఫారాలను 100 ఏళ్లు మూసి ఉంచుతారు. 1921వి 2022 జనవరిలో తెరిచారు. 1931వి 1942లో జరిగిన అగ్ని ప్రమాదంలో కాలిపోయాయి, దానికి బాంబులు కారణం కాదు. 1941లో యుద్ధం వల్ల లెక్కే తీయలేదు. 1951వి చూడాలంటే 2052 దాకా ఆగాలి. లండన్‌లో ఒక వీధిలో ఎవరెవరు ఉండేవాళ్లో ఇంటింటా చూసుకుంటూ వస్తే, జనగణనలో ముప్పై ఏళ్లు ఖాళీ. 1939లో యుద్ధం కోసం చేసిన రిజిస్టర్ ఒక్కటే కొంత ఆధారం.

పారిస్‌ది ఇంకా చేదు కథ. అక్కడ జనన మరణాల రిజిస్టర్లకు రెండు ప్రతులు ఉండేవి, ఒకటి నగర కార్యాలయంలో, ఇంకోటి న్యాయస్థాన భవనంలో. జాగ్రత్తగానే ఉన్నారు. 1871 మే నెలలో, పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వం చివరి రోజుల మంటల్లో రెండు చోట్లా కాలిపోయాయి. దాదాపు 80 లక్షల నమోదులు పోయాయి. నోటరీల దగ్గరి కాగితాలు, చర్చి రిజిస్టర్లు, కుటుంబాలు దాచుకున్న నకళ్లు పోగుచేసి మూడో వంతు మాత్రం తిరిగి రాయగలిగారు. రెండు నకళ్లుండి ఏం లాభం, రెండూ ఒకే ఊళ్లో ఉంటే?

జర్మనీలోని కొలోన్‌లో మంటలు లేవు, యుద్ధమూ లేదు. 2009 మార్చి 3న, పక్కన భూగర్భ రైలు పనులు జరుగుతుండగా నగర ఆర్కైవ్స్ భవనం కూలిపోయింది. పక్క ఇళ్లలో ఇద్దరు చనిపోయారు. ఆ నగరం వెయ్యేళ్ల కాగితాలు, అరల పొడవు లెక్కన సుమారు 30 కిలోమీటర్లు, గుంటలో పడ్డాయి. 90 శాతానికి పైగా బయటికి తీశారు. తడిసినవాటిని గడ్డకట్టించి, ఆరబెట్టి, ముక్కలను ముక్కలతో జత చేసే పని ఏళ్ల తరబడి సాగుతోంది. కొత్త భవనం 2021లో తెరిచారు.

ఆ కూలిన రోజుల్లో ఒక విజ్ఞప్తి వచ్చింది: గతంలో ఇక్కడికి వచ్చి చదువుకున్నవాళ్ల దగ్గర పత్రాల ఫొటోలు, జిరాక్సులు ఉంటే పంపండి. పంపారు కూడా. ఏళ్ల క్రితం ఎవరో తమ పనికోసం తీసుకున్న మసక ఫొటో ఆ పత్రానికి కొంతకాలం దిక్కయింది. అయితే అది ఏ కట్టలోని ఎన్నో కాగితమో తెలియకపోతే ఆ ఫొటో ఉన్నా లేనట్టే. కాబట్టి మీరు వెళ్లినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసుకోనిస్తే ఒక్క పని చేయండి. ఫైలు నంబరు, పేజీ నంబరు పెన్సిల్‌తో చిన్న చీటీ మీద రాసి, కాగితం పక్కన పెట్టి తీయండి. 1940లో న్యూయార్క్ వీధుల్లో పన్ను వాళ్లు బోర్డు పట్టుకుని నిలబడినట్టే.