హోంగార్డుకు హోదా ఎప్పుడు?

వానాకాలం వడ్లు కోతకొచ్చాయంటే మిర్యాలగూడ చుట్టూ రోడ్ల మీద ట్రాక్టర్లు బారులు తీరతాయి. అర్ధరాత్రి దాటినా మిల్లుల ముందు లైను కదలదు. ఎవరి బండి ముందు పోవాలని మాటామాటా పెరిగే చోట విజిల్ పట్టుకొని నిలబడేది చాలాసార్లు హోంగార్డే. సంక్రాంతికి పంతంగి టోల్‌ప్లాజా దగ్గరైనా, చెర్వుగట్టు జాతరలోనైనా, కురుమూర్తి కొండ కిందైనా, సాగర్ గేట్లు ఎత్తిన రోజు డ్యామ్ దగ్గరైనా ఖాకీ బట్టల్లో జనానికి ముందు కనిపించేది వాళ్లే. రాష్ట్రంలో వీరి సంఖ్య సుమారు 16 వేలు. వీరు ఒక్కరోజు డ్యూటీకి రాకపోతే మన జిల్లాల్లో ఏ ఠాణా కూడా సాఫీగా నడవదు.

చట్టం దృష్టిలో మాత్రం వీరు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకులు. 1946 డిసెంబరులో బొంబాయిలో అల్లర్ల సమయంలో పోలీసులకు తోడుగా ఈ దళం పుట్టింది. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతటా ఒకే తీరు వ్యవస్థగా మారింది. ఏదో ఒక వృత్తిలో ఉన్నవాళ్లు అవసరమైనప్పుడు వచ్చి మూడు నుంచి ఐదేళ్లు సేవ చేసి వెళ్తారన్నది మొదటి ఆలోచన. ఆ ఆలోచన ప్రకారం చూస్తే చేతి ఖర్చులకు భత్యం సరిపోతుంది, ప్రమోషన్ ఊసే అక్కర్లేదు. కానీ ఇప్పుడు జరుగుతున్నది అది కాదు. ఇరవై ఏళ్ల కింద చేరినవాళ్లు ఇంకా అదే డ్యూటీలో ఉన్నారు. వాళ్లకు వేరే వృత్తి లేదు, చేసుకునే తీరికా లేదు.

జీతం విషయంలో కొంత కదలిక వచ్చిన మాట నిజం. హోంగార్డుల సర్వీసును క్రమబద్ధం చేయడం కుదరదని చెప్పిన సుప్రీంకోర్టే, నెలకు 30 రోజుల భత్యం లెక్క కడితే కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకూడదని 2015 మార్చి 11న హిమాచల్‌ప్రదేశ్ కేసులో తేల్చింది. తెలంగాణలో 2017 చివర్లో నెల జీతం 12 వేల నుంచి 20 వేలకు పెంచుతామని ప్రకటించారు. 2025 జనవరి నుంచి రోజు భత్యం 921 రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది. వారం వారం పరేడ్ భత్యం వంద నుంచి 200 అయింది. డ్యూటీలో ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షల సాయం ఖరారైంది. ఇవన్నీ మంచి నిర్ణయాలే. ఎవరి హయాంలో వచ్చినా మేం స్వాగతించాం.

అసలు అన్యాయం ఆ వెయ్యి రూపాయల్లోనే ఉంది. నిన్న చేరిన కుర్రాడికీ వెయ్యే, పాతికేళ్లుగా చేస్తున్న పెద్దమనిషికీ వెయ్యే. 2020 పీఆర్సీ ప్రకారం కానిస్టేబుల్ మూలవేతనం 24,280తో మొదలై, ఏటా ఇంక్రిమెంటుతో 72,850 దాకా సాగే స్కేలు. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె వేరే. సర్వీసు పెరిగే కొద్దీ హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై అయ్యే దారి ఉంది. హోంగార్డుకు మాత్రం చేరిన రోజు హోదాయే చివరి రోజు హోదా. పెన్షన్ లేదు.

ఏ స్టేషన్‌కైనా వెళ్లి కాసేపు కూర్చుంటే ఇది కళ్లకు కడుతుంది. శిక్షణ ముగించుకొని కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ దేవరకొండ వైపు ఏ తండాకు ఏ దారిన పోవాలో, అక్కడ పెద్దమనిషి ఎవరో, పాత గొడవ ఏ గెట్టు దగ్గర మొదలైందో అడిగి తెలుసుకునేది హోంగార్డునే. పెట్రోలింగ్ బండి నడుపుతూ అన్నీ విప్పి చెప్పేదీ ఆయనే. బండి దిగాక సెల్యూట్ కొట్టాల్సిందీ ఆయనే. కొడుకు వయసున్న కుర్రాడు ‘అరేయ్, ఇటు రా’ అని పిలిస్తే కూడా మాట పడి ఊరుకోవాలి. ఇది డబ్బుతో తీరే బాధ కాదు. భుజం మీద ఒక పట్టీ ఉంటే ఆ పిలుపులో మర్యాద దానంతటదే వస్తుంది.

హోదా ఇవ్వడం ఎలా అని అధికారులు వెతుక్కోనక్కర్లేదు. సెక్షన్ లీడర్, ప్లటూన్ కమాండర్, కంపెనీ కమాండర్ వంటి మెట్లు హోంగార్డు వ్యవస్థలోనే ఉన్నాయి. వాటిని సర్వీసుకు, భత్యానికి ముడిపెట్టడమే మిగిలిన పని. ఇదే దేశంలో పార్ట్‌టైమ్ సైనికుల దళం ఒకటి 1949 నుంచి నడుస్తోంది. టెరిటోరియల్ ఆర్మీ జవానును డ్యూటీకి పిలిచినన్నాళ్లూ రెగ్యులర్ జవానుతో సమానంగా జీతభత్యాలు ఇస్తారు. ఆయనకు సిపాయి నుంచి పైకి ఎదిగే మెట్లున్నాయి. అలా పిలిచిన సర్వీసు 15 ఏళ్లు నిండితే పెన్షన్ కూడా వస్తుంది. సరిహద్దు కాపలా, ఊరి బందోబస్తు ఒకటేనని మేం అనడం లేదు. కానీ పార్ట్‌టైమ్ అన్నంత మాత్రాన ర్యాంకు, సీనియారిటీ కుదరవన్న వాదన నిలవదు.

కానిస్టేబుల్ నియామకాల్లో కోటా ఉంది కదా అంటారు. పాతికేళ్ల యువకుడికి అది పనికొస్తుంది. నలభై దాటి, ట్రాఫిక్ పొగలో ఊపిరితిత్తులు పాడైన మనిషి పరుగు పందెంలో ఎవరితో పోటీపడతాడు? జీతం ఆలస్యమైందన్న ఆవేదనతో 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ఒక హోంగార్డు ఒంటికి నిప్పంటించుకొని ప్రాణం తీసుకున్నారు. పెంచిన భత్యమైనా నెల మొదట్లోనే చేతికి అందాలి. అది కనీస ధర్మం.

ఐదేళ్లకు, పదేళ్లకు, పదిహేనేళ్లకు ఒక్కో మెట్టు, మెట్టుకింత చొప్పున రోజు భత్యంలో పెంపు, బయటికి వెళ్లేనాటికి చేతికి ఏకమొత్తంగా కొంత సొమ్ము: మేం అడుగుతున్నది ఇంతే. వీటికి రెగ్యులర్ చేయనక్కర్లేదు, కోర్టు తీర్పూ అడ్డురాదు, ఒక జీవో చాలు. హోంశాఖ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి చేతిలోనే ఉంది. ఆయన ఉమ్మడి పాలమూరు మనిషి, ఈ జాతరల బందోబస్తు ఆయనకు కొత్త కాదు. అసెంబ్లీలో హోంశాఖ పద్దు చర్చకు వచ్చిన రోజు ఉమ్మడి నల్గొండ, పాలమూరు ఎమ్మెల్యేలు పార్టీలు పక్కనపెట్టి ఆ జీవో తేదీ ఆయన్నే అడగాలి.