అమాండా గోర్మన్‌ది ఐదు నిమిషాల అదృష్టం కాదు

అమెరికా నల్లజాతి కవయిత్రి అమాండా గోర్మన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా టైమ్‌లైన్ల మీద ఒకటే పాట: పసుపు కోటు, ఎర్ర హెడ్‌బ్యాండ్, ఐదు నిమిషాల కవిత, తెల్లారేసరికి ప్రపంచమంతా పేరు. వినడానికి బాగానే ఉంది, నిజం మాత్రం కాదు. 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా బైడెన్ ప్రమాణ స్వీకార వేదిక ఎక్కేనాటికి ఆమెకు 22 ఏళ్లు. అందులో ఏళ్ల తరబడి సాధన ఉంది, ఆ సాధనకు చోటిచ్చిన సంస్థలూ ఉన్నాయి. ప్రతిభ ఉంటే చాలు అనేవాళ్లు ఈ రెండోదాని ఊసెత్తరు.

1998లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. ఒంటరి తల్లి పెంపకం, ఆమె బడిపంతులమ్మ. విన్న మాటను మెదడు పోల్చుకోవడంలో చిక్కు, దానికి తోడు ఇంగ్లిష్ ‘ఆర్’ శబ్దం సరిగ్గా పలకదు. సొంత ఇంటిపేరులోనే ఆ శబ్దం ఉంది మరి! స్పీచ్ థెరపీతో పాటు ఆమె పట్టుకున్న ఉపాయం ‘హామిల్టన్’ సంగీత నాటకంలోని ‘ఆరన్ బర్, సర్’ పాట. ఆ శబ్దం అడుగడుగునా తగిలే పాట అది. దాన్నే మళ్లీ మళ్లీ పాడుతూ నాలుకను దారికి తెచ్చుకుంది. ప్రమాణ స్వీకార కవితలో ఆ నాటకం ఛాయలు రెండు చోట్ల ఉన్నాయని తనే చెప్పింది.

పద్నాలుగేళ్లప్పుడు రైట్‌గర్ల్ అనే సంస్థలో చేరింది. టీనేజ్ అమ్మాయిలకు వృత్తి రచయిత్రులను జత చేసి, పక్కన కూర్చోబెట్టి రాయించే సంస్థ అది. తర్వాతి మెట్టు యూత్ పోయెట్ లారియట్, అంటే ఊరి తరఫున యువకవికి ఇచ్చే గౌరవ స్థానం. అసలు కీలకం ఇక్కడుంది. ఆ ఎంపికలో కవితలు ఒక్కటే చూడరు, ఊరికి ఏం చేశావని కూడా అడుగుతారు. 2014లో లాస్ ఏంజెలెస్‌కు తొలి యూత్ పోయెట్ లారియట్ ఆమే. 2015లో తొలి పుస్తకం, 2016లో పిల్లల చదువు, రాత కోసం వన్ పెన్ వన్ పేజ్ అనే సంస్థ, 2017 ఏప్రిల్‌లో దేశం మొత్తానికి తొలి యూత్ పోయెట్ లారియట్. అదే ఏడాది సెప్టెంబరులో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ‘ఇన్ దిస్ ప్లేస్’ కవిత చదివింది. ఆ వీడియో బైడెన్ భార్య జిల్ కంట పడింది కాబట్టే మూడేళ్ల తర్వాత పిలుపొచ్చింది. ఇందులో ఏ ఒక్క మెట్టు తీసేసినా ఆ పసుపు కోటు ఎవరికీ కనబడేది కాదు.

పిలుపు 2020 డిసెంబరు చివర్లో వచ్చింది. చేతిలో ఉన్నవి మూడు వారాలు. లింకన్, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాలు ముందేసుకుంది. అంతకుముందు ప్రమాణ స్వీకారాల్లో చదివిన కవులు ఎలిజబెత్ అలెగ్జాండర్, రిచర్డ్ బ్లాంకోలతో మాట్లాడింది. రోజుకు కొన్ని పంక్తుల చొప్పున సగం దాకా వచ్చేసరికి జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద దాడి జరిగింది. మిగతా సగం ఆ రాత్రే పూర్తి చేసింది. మొత్తం 723 మాటలు, చదవడానికి ఐదున్నర నిమిషాలు. అంటే నిమిషానికి దాదాపు 130 మాటలు. వేదిక మీద తడబడేవాళ్లు దీనికన్నా చాలా వేగంగా చదివేస్తారు. ఆమె ఆగిన చోట్లు, చేతివేళ్ల కదలికలు కూడా సాధన చేసినవే. 1961లో కెన్నెడీ ప్రమాణ స్వీకారంలో ఎనభయ్యారేళ్ల కవి రాబర్ట్ ఫ్రాస్ట్ ఎండ మిరుమిట్లకు కాగితం చదవలేక, కంఠతా వచ్చిన పాత కవితతో గట్టెక్కాడు.

ఆ ప్రమాణ స్వీకార కవిత ‘ద హిల్ వీ క్లైంబ్’ చెవి కోసం రాసినది. పంక్తి మధ్యలో ప్రాసలు, వెంటవెంటనే అనుప్రాసలు, న్యాయం మీద మన యమకాన్ని తలపించే ఒక చమత్కారం. ముద్రించి చదివితే కొన్ని చోట్ల ఉపన్యాసంలా చప్పగా ఉంటుంది, ఒప్పుకుందాం. పుట మీద ఆమె సత్తా చూడాలంటే అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘కాల్ అస్ వాట్ వీ క్యారీ’ చదవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన నల్లజాతి సైనికుడు రాయ్ ప్లమర్ డైరీని ఆధారం చేసుకుని అందులో కవితలు అల్లింది. విమర్శకులు కూడా ప్రమాణ స్వీకార కవిత ఒక్కటీ చూసి తీర్పు చెప్పేస్తుంటే ఒళ్లు మండుతుంది.

2023లో ఫ్లోరిడాలోని మయామి లేక్స్‌లో ఓ బడి చేసిన నిర్వాకం ఇంకో కథ. ‘ద హిల్ వీ క్లైంబ్’ పుస్తకం మీద ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేశారు. ఫారంలో రచయిత పేరు దగ్గర ఓప్రా విన్‌ఫ్రే అని రాశారు; ఆవిడ రాసింది ముందుమాట మాత్రమే. అయినా కమిటీ కూర్చుని పుస్తకాన్ని చిన్న తరగతుల అరల నుంచి తీసి పెద్ద తరగతుల వైపు మార్చింది. ‘నిషేధించలేదు, జరిపామంతే’ అన్నది అధికారుల సమర్థన. చిన్న తరగతి పిల్ల చెయ్యి అందని చోట పెట్టాక దాన్ని ఏ పేరుతో పిలిస్తే ఏం?

అనువాదాల గొడవలో మాత్రం నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు. నల్లజాతి అమ్మాయి రాసిన ఆ కవితను తెల్లవాళ్లు అనువదించడమేమిటన్న గొడవ అది. డచ్చిలో మరీకె లూకాస్ రైనెవెల్డ్ విమర్శల మధ్య తప్పుకున్నారు. కాటలాన్‌లో విక్టర్ ఓబియోల్స్‌ను పనయ్యాక పక్కన పెట్టారు. తెల్లవాళ్లు ఆమెను అనువదించకూడదు అనే సూత్రం నాకు మింగుడు పడదు. కానీ నెదర్లాండ్స్‌లో వేదిక మీద కవిత చెప్పే నల్లజాతి అమ్మాయిలు ఉండగా ప్రచురణకర్తకు వాళ్లెవరూ ఎందుకు గుర్తురాలేదన్న ప్రశ్న న్యాయమైనదే. ఈ రెండూ వేర్వేరు సంగతులు. కలిపి కొట్టుకోవడం వల్లే ఆ చర్చ బురదైంది.

చదవాలనుకునేవాళ్లు ముందు 2017 నాటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వీడియో చూడండి. షార్లట్స్‌విల్, (తెల్లజాతి ఆధిపత్యవాదుల ఊరేగింపు జరిగిన ఊరు), హ్యూస్టన్ వరద, అన్నీ ఆ ఏటి సంగతులే కాబట్టి కాస్త వార్తలు తెలిసి ఉంటే మంచిది. తర్వాత ప్రమాణ స్వీకార కవిత, అదీ కాగితం చూడకుండా వినండి. ప్లమర్ కవితల దగ్గరికి ఆ తర్వాత వెళ్లండి.